వెంకన్న పటం నీలంగా మారిపోయింది: ఎండకి రంగులెందుకు పోతాయి?

వేళచ్చేరి_వాసు
హాల్లో తిరుమల స్వామివారి పెద్ద పటం ఉంది. ఆఫ్‌సెట్ ప్రింటే, కానీ ఫ్రేము మంచిది, పైన అద్దం కూడా ఉంది. గృహప్రవేశం నాడు తగిలించాం, మళ్ళీ చోటు మార్చలేదు. ఇప్పుడు చూస్తే పటం అంతా నీలం. దండల్లో ఎరుపు లేదు. పట్టు వస్త్రం పసుపు పోయి తెల్లబడింది. మొన్న మా పెద్దమ్మ ఊరి నుంచి వచ్చి "కృష్ణుడి పటం బాగుందిరా, ఎక్కడ కొన్నావు?" అంది.

పక్కనే తాతయ్య, నాయనమ్మల బ్లాక్ అండ్ వైట్ పెళ్ళిఫొటో ఉంది. అదే గోడ, అదే వెలుతురు, దానికేం కాలేదు. మెరూన్ సోఫా మాత్రం కిటికీ వైపు ఇటుక రంగుకి దిగింది. ఫ్రేము కట్టినతన్ని అడిగితే "అద్దం ఉంది కదా సార్, ఎండ ఏం చేస్తుంది?" అంటున్నాడు. పైగా మాది ఉత్తరం వైపు కిటికీ, ఎండే రాదు. నాకు నాసిరకం ప్రింటు అంటగట్టారా? లేక ఎండ నిజంగా ఇంత పని చేస్తుందా? చేస్తే నీలం ఒక్కటే ఎలా మిగిలింది?

కారంపొడి
పెద్దమ్మగారిది తప్పేం లేదు. ఇద్దరూ ఒకరేగా.

నెల్లూరోడు
ఎండ వేడికి రంగు ఆవిరైపోతుంది బ్రో. మే నెల మద్రాసులో మనుషులే కరిగిపోతుంటే రంగెంత! ఏసీ ఉన్న గదిలో పెట్టుకో.

అడయార్_అక్క
ఏసీ గదిలో పెడితే ఆగుతుందా? మా బెడ్‌రూంలో పగలంతా ఏసీ ఉంటుంది, అయినా కర్టెన్ల మడతల్లో బయటికి ఉన్న భాగం చారలు చారలుగా వెలిసింది. లోపలి మడతలు మాత్రం కొన్ననాటిలాగే ఉన్నాయి.

బెంజీన్_బాబు
అక్క చెప్పిందే సాక్ష్యం. మడత లోపలా బయటా వేడి ఒకటే, తేడా వెలుతురులోనే. గోడకి చాలాకాలం వేలాడిన క్యాలెండర్ తీసి చూడండి, దాని వెనక గోడ రంగు కొత్తగా కనిపిస్తుంది. అక్కడ మాత్రం వేడి తక్కువగా ఉండిందా? వేడి, తేమ ఈ పనిని తొందర చేస్తాయి, మొదలుపెట్టేది మాత్రం వెలుతురే.

జరిగేది ఇది. చాలా రంగు పదార్థాల అణువుల్లో ఏకబంధం, ద్విబంధం, మళ్ళీ ఏకబంధం ఇలా ఒక వరస ఉంటుంది. తెల్లటి వెలుతురులో ఏ భాగాన్ని మింగాలో ఆ వరసే నిర్ణయిస్తుంది. మింగకుండా వదిలేసిన భాగం మన కంటికి రంగుగా కనబడుతుంది. మింగిన శక్తి చాలాసార్లు వేడిగా మారి బయటికి పోతుంది. ఎప్పుడో ఒకసారి మాత్రం ఆ శక్తితో రెచ్చిపోయిన అణువు గాలిలోని ఆక్సిజన్‌తోనో, తేమతోనో చర్య జరిపేస్తుంది. అప్పుడు వరస తెగుతుంది. తెగిన ముక్కలు కంటికి కనిపించే వెలుతురుని మింగలేవు, కాబట్టి రంగు లేనట్టే. నెల్లూరోడు అన్నట్టు ఏదీ ఆవిరి కాలేదు. పదార్థం చాలావరకు కాగితం మీదే ఉంది.

శక్తి లెక్క కూడా చూడండి. 300 నానోమీటర్ల అతినీలలోహిత (యూవీ) కిరణాల్లో మోలుకి సుమారు 400 కిలోజౌళ్ళ శక్తి ఉంటుంది. 700 నానోమీటర్ల ఎర్ర వెలుతురులో 170 మాత్రమే. కార్బన్-కార్బన్ ఏకబంధం తెగడానికి దాదాపు 350 కావాలి. యూవీ అంటే అందరూ భయపడేది అందుకే.

నెల్లూరోడు
సరే మాస్టారూ, ఆవిరి మాట వెనక్కి. కానీ వాసు అద్దం ఉందంటున్నాడు కదా. అద్దం యూవీని ఆపదా?

బెంజీన్_బాబు
సగం ఆపుతుంది. యూవీలో 280 నుంచి 315 నానోమీటర్ల దాకా ఉండేది బీ రకం, 315 నుంచి 400 దాకా ఏ రకం. మామూలు కిటికీ అద్దం బీ రకాన్ని దాదాపు ఆపేస్తుంది, ఏ రకంలో ఎక్కువ భాగాన్ని లోపలికి వదిలేస్తుంది. నేల దాకా వచ్చే యూవీలో ఎక్కువ ఉండేది కూడా ఆ ఏ రకమే. వాసు పటానికి కిటికీ అద్దం ఒకటి, ఫ్రేము అద్దం ఒకటి, రెండున్నా పెద్దగా ఒరిగేదేం లేదు. ఫ్రేము అద్దం దుమ్ము నుంచి, బొద్దింకల నుంచి కాపాడుతుంది.

కారు ముందు అద్దం సంగతి వేరు. రెండు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికిస్తారు, ఆ పొర యూవీని దాదాపు మొత్తం ఆపేస్తుంది. పక్క అద్దాలు చాలా కార్లలో మామూలు టెంపర్డ్ గ్లాసే.

చీకటిగది
పెరంబూరులో మాకు స్టూడియో ఉండేది, కలర్ ల్యాబ్ పని కూడా చేశాం. ఆ నీలం సంగతి నేను చెప్తా.

ఆఫ్‌సెట్ ప్రింటులో నాలుగే ఇంకులు: సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం), మజెంటా (ముదురు గులాబీ), పసుపు, నలుపు. మిగతా రంగులన్నీ వాటి చుక్కల కలయికే. నలుపు ఇంకు అంటే మసి, కార్బన్. దానికి ఎండ లెక్కలేదు. సయాన్‌లో వాడేది రాగి కలిసిన థాలోసయనిన్ అనే రంగు, అదీ మహా మొండిది. మామూలు ప్రింటింగుకి వాడే మజెంటా, పసుపు రెండూ ఎండకి తట్టుకోలేవు. అవి పోగానే మిగిలేది సయాన్, నలుపు. అందుకే రోడ్డు పక్క పాత పోస్టర్లూ, సెలూన్లలో హెయిర్ స్టైల్ బొమ్మలూ, బేకరీ బయట కేకుల ఫొటోలూ అన్నీ చివరికి నీలంగా తేలతాయి. వాసుగారూ, మీకు ఎవరూ కావాలని నాసిరకం అంటగట్టలేదు. పటాల ప్రింట్లన్నీ అలాగే ఉంటాయి.

ఇక తాతగారి ఫొటో. బ్లాక్ అండ్ వైట్ ప్రింటులో రంగే లేదు, ఉన్నది వెండి. సన్నటి వెండి రేణువులే నల్లగా కనిపిస్తాయి. వెలుతురుకి తెగడానికి అందులో ద్విబంధాల వరస ఎక్కడుంది? వెండికి శత్రువు వేరే: తేమ, గంధకం ఉన్న గాలి, ప్రింటు మీద సరిగ్గా కడగకుండా మిగిలిన హైపో, అంటే ఫొటోని నిలబెట్టడానికి వాడే రసాయనం. వాటివల్ల పసుపెక్కుతుంది, అంచుల్లో అద్దంలా మెరుస్తుంది.

కారంపొడి
బేకరీ బయట నీలం కేకు చూసి, అదేదో కొత్త ఫ్లేవర్ అనుకుని ఆర్డరిచ్చినవాణ్ణి నేను.

కోడంబాక్కం_కబుర్లు
చీకటిగది గారూ, ఒక డౌటు. మా అమ్మానాన్నల పెళ్ళి ఆల్బం 80ల నాటిది, కలర్ ఫొటోలు. బీరువాలో చీరల కింద ఉండేది, ఎండే తగల్లేదు. అవన్నీ ఎర్రగా అయిపోయాయి. మీ లెక్క ప్రకారం నీలం కావాలి కదా?

చీకటిగది
మంచి ప్రశ్న. అది ఇంకు కాదు, ఫొటో పేపరు. కలర్ ఫొటోలో మూడు డైలు, అంటే రంగు పదార్థాలు, డెవలపింగులోనే పుడతాయి. అప్పటి పేపర్లలో సయాన్ డై చీకట్లో కూడా దానంతటదే విడిపోయేది, వేడి, తేమ ఉంటే ఇంకా తొందరగా. సయాన్ పోతే మిగిలేది మజెంటా, పసుపు. రెండూ కలిస్తే ఎరుపు. అదే ఫొటోని గోడకి తగిలించి వెలుతురు తగలనిస్తే మజెంటా ముందు పోయేది. కాబట్టి ఫొటో రంగు తిరిగిన తీరు చూసి అది బీరువాలో ఉండిందో గోడ మీద ఉండిందో చాలావరకు చెప్పొచ్చు.

మీ కోడంబాక్కంలోనే ఈ బాధ పెద్ద ఎత్తున ఉండేది. ఈస్ట్‌మన్ కలర్ పాత సినిమా ప్రింట్లు డబ్బాల్లో ఉండగానే గులాబీ రంగుకి తిరిగిపోయాయి. టెక్నికలర్ పద్ధతిలో మూడు రంగులనీ మూడు బ్లాక్ అండ్ వైట్ నెగటివుల మీద విడివిడిగా పట్టేవాళ్ళు. నెగటివులో ఉన్నది వెండే కాబట్టి అవి నిలిచాయి.

ఇందిరానగర్_ఇడ్లీ
బెంగళూరు నుంచి ఒక మాట. ఇంత కథ అక్కర్లేదు. ఎర్ర రంగు ఎర్రగా కనిపించాలంటే నీలం, ఆకుపచ్చ వెలుతురు మింగాలి. ఎక్కువ శక్తి ఉండేది నీలంలోనే. అందుకే ఎరుపు ఎప్పుడూ ముందు పోతుంది, నీలం ఎప్పుడూ చివరికి మిగులుతుంది. సింపుల్.

కలంకారీ_కోడలు
ఇడ్లీ గారూ, "ఎప్పుడూ" అనకండి. మీకు దగ్గరే లేపాక్షి. వీరభద్రుడి గుడి కప్పు మీద బొమ్మలు 16వ శతాబ్దం నాటివి. ఎర్రకావి ఇంకా ఎర్రగానే ఉంది. కావి అంటే ఇనుప తుప్పు లాంటి మట్టి, అందులో తెగడానికి ఏమీ లేదు.

నీలమే చివరికి మిగులుతుందంటే, కిటికీ దగ్గర పెట్టిన కాగితం మీద నీలం బాల్‌పెన్ సంతకం ఏమవుతుందో చూడండి. నిలిచేదీ పోయేదీ కంటికి కనబడే రంగుని బట్టి కాదు, అది దేనితో చేశారన్న దాన్ని బట్టి.

మా అత్తవారిది శ్రీకాళహస్తి, అద్దకం ఇల్లు. కలంకారీలో ఎరుపుకి పటిక పట్టించి మంజిష్ఠ లాంటి వేళ్ళ రంగులు వాడతాం. పటికలోని అల్యూమినియం రంగుని పట్టుకుని నూలులో గట్టిగా కూర్చోబెడుతుంది. నలుపుకి ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ళలో ఊరబెడతాం, ఆ నీరు గుడ్డకి పట్టించిన కరక్కాయ మీద పడగానే నల్లబడుతుంది. నీలిమందు కూడా బాగానే నిలుస్తుంది. పసుపు రంగుతోనే గొడవంతా. అది తొందరగా వెలుస్తుంది.

అడయార్_అక్క
పసుపు అంటే గుర్తొచ్చింది. సాంబారు మరక పడిన తెల్లచొక్కాని మా అమ్మ ఉతికి మిట్టమధ్యాహ్నం డాబా మీద ఆరేసేది. సాయంత్రానికి మరక ఉండేది కాదు. సబ్బు తగలగానే ఎర్రబడి భయపెట్టేది, ఎండలో పెట్టగానే మాయం. ఇదీ అదేనా?

బెంజీన్_బాబు
అచ్చంగా అదే. పసుపులో ఉండే కర్క్యుమిన్‌లో ఆ ద్విబంధాల వరస వెలుతురుకి ఊరికే తెగిపోతుంది. సబ్బు క్షారం కాబట్టి ముందు ఎర్రబడుతుంది. వాసుకి శాపమైనదే మీ అమ్మగారికి ఉచితంగా దొరికిన బ్లీచు.

ఇడ్లీ చెప్పినదాంట్లో సగం నిజముందని ఒప్పుకోవాలి. మింగని వెలుతురు ఏ హానీ చెయ్యదు. గ్రోటస్ 1817లో, డ్రేపర్ 1842లో చెప్పిన సూత్రమే అది. కాబట్టి నీలాన్ని మింగే ఎర్ర, పసుపు డైలకి ప్రమాదం కాస్త ఎక్కువే. కానీ దాన్ని తట్టుకోవడమా లేదా అన్నది అణువు నిర్మాణం చేతిలో ఉంటుంది.

ఇందిరానగర్_ఇడ్లీ
సగం మార్కులు చాలు, పాస్ అయినట్టే. ఇంకో పాయింట్: మా ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, కాబట్టి యూవీ మీకన్నా మాకే ఎక్కువ. చల్లగా ఉందని ఇక్కడివాళ్ళెవరూ నమ్మరు.

నెల్లూరోడు
చల్లగా ఉంటే మాత్రం ఏం లాభం, ట్రాఫిక్‌లో కూర్చుని రంగు పోగొట్టుకుంటున్నారుగా.

తరమణి_తారలు
అందరూ వాసు అడిగిన ముఖ్యమైనది వదిలేశారు: ఉత్తరం కిటికీ. మనవాళ్ళకి ఉత్తరం అంటే నీడ అని ఒక నమ్మకం. ఢిల్లీలో అయితే చాలావరకు నిజమే. చెన్నై ఉండేది 13 డిగ్రీల అక్షాంశం మీద, బెంగళూరూ దాదాపు అంతే. కర్కట రేఖ 23.4 డిగ్రీల దగ్గర ఉంది. ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మధ్య దాకా మనకి మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. జూన్‌లో పొద్దున్నా సాయంత్రమూ తూర్పు పడమరలకి 20 డిగ్రీలకి పైనే ఉత్తరంగా ఉదయించి అస్తమిస్తాడు. ఆ ఏటవాలు ఎండ నేరుగా ఉత్తరం కిటికీలోంచి హాల్లోకి దిగుతుంది. ఆఫీసుకి పోయేవాళ్ళకి కనబడదు, అంతే. జూన్‌లో ఒక ఆదివారం సాయంత్రం అయిదింటికి ఇంట్లో ఉండి చూడండి వాసుగారూ.

వేళచ్చేరి_వాసు
మా ఆవిడని అడిగాను. వేసవిలో సాయంత్రం సోఫా ఆ చివర కూర్చోలేమట, కళ్ళలో పడుతుందట. ఇన్నాళ్ళూ నాకు చెప్పనేలేదు.

కారంపొడి
చెప్పే ఉంటారు. మీరు క్రికెట్ చూస్తూ ఉండుంటారు.

అంబత్తూర్_అచ్చు
మాది ప్లాస్టిక్ మౌల్డింగ్ పని. డాబా మీద ఎర్ర బకెట్టు, ఎర్ర కుర్చీ తెల్లబడి, గోకితే పొడి రాలడం చూశారా? అక్కడ రంగు పోవడం ఒక్కటే కాదు, ప్లాస్టిక్‌లోని అణువుల గొలుసులే తెగిపోతాయి. అందుకే బట్టల క్లిప్పు పట్టుకోగానే విరిగిపోతుంది. మంచి సరుకులో యూవీ స్టెబిలైజర్ కలుపుతాం. చవకరకంలో కలపరు, కొనేటప్పుడు రెండూ ఒకేలా మెరుస్తాయి. డాబా మీద నీళ్ళ ట్యాంకులు నల్లగా ఉండటానికి ఒక కారణం ఇదే. అందులో కలిపే కార్బన్ బ్లాక్ యూవీని తానే మింగి గొలుసుల్ని కాపాడుతుంది, లోపలికి వెలుతురు పోదు కాబట్టి పాచీ పట్టదు.

టీనగర్_పరదాలు
కర్టెన్ల వ్యాపారం మాది. కొనేవాళ్ళు ఉతికితే రంగు పోతుందా అని అడుగుతారు, ఎండకి పోతుందా అని ఎవరూ అడగరు. రెండూ వేరు. ఉతుకు తట్టుకున్న గుడ్డ ఎండకి వెలిసిపోవచ్చు. ఎండ తట్టుకునే శక్తికి బ్లూ వూల్ అని ఒక కొలత ఉంది. నీలం అద్దిన ఎనిమిది ఉన్ని గుడ్డల్ని, 1 నుంచి 8 దాకా, మన గుడ్డతో పాటు వెలుతురులో పెట్టి ఏది దేనితో సమానంగా వెలిసిందో చూస్తారు. 1 అన్నిటికన్నా ముందు పోతుంది. ఒక్కో మెట్టు ఎక్కితే సుమారు రెట్టింపు కాలం నిలుస్తుంది. కిటికీకి 5 కన్నా తక్కువ వద్దని నేను చెప్తాను. లేత రంగులు తీసుకుంటే వెలిసినా తెలియదు, ముదురు మెరూన్, నేవీ బ్లూ అయితే ఇట్టే బయటపడుతుంది. వెనక తెల్లటి లైనింగ్ వేయించుకుంటే వెలుతురు ముందు దానిమీద పడుతుంది. రెండేళ్ళకోసారి లైనింగ్ మార్చుకోవడం చవక.

అడయార్_అక్క
మరి పట్టుచీరలు నీడలోనే ఆరెయ్యాలంటారు, అది కూడా రంగు కోసమేనా?

టీనగర్_పరదాలు
రంగుతో పాటు దారం కోసం కూడా. పట్టు దారమే యూవీకి పసుపెక్కి బలహీనపడుతుంది. నూలు బట్టలు కూడా తిరగేసి ఆరేస్తే పైవైపు మిగులుతుంది. తడి గుడ్డ మీద ఎండ ఇంకా గట్టిగా పనిచేస్తుంది కాబట్టి ఆరగానే తీసెయ్యండి, సాయంత్రం దాకా వదలొద్దు.

కోడంబాక్కం_కబుర్లు
ఎగ్మోర్ మ్యూజియంలో రవివర్మ చిత్రాలు అంత మసక వెలుతురులో ఎందుకు పెడతారని విసుక్కునేదాన్ని. ఇప్పుడర్థమవుతోంది.

బెంజీన్_బాబు
నూనె చిత్రాలకి మ్యూజియంలు సాధారణంగా 200 లక్స్ (వెలుతురు బలాన్ని కొలిచే ప్రమాణం) దాకా ఒప్పుకుంటాయి. నీటిరంగులు, బట్టలు, పాత కాగితాలకైతే 50 లక్సే. నేరుగా పడే ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. హాని వెలుతురు బలాన్నీ గంటలనీ గుణిస్తే వచ్చే మొత్తం. 50 లక్స్ కింద రోజుకి 8 గంటల చొప్పున 250 రోజులు పెట్టిన బొమ్మకీ, ఒక్క గంట మండే ఎండలో పెట్టిన బొమ్మకీ లెక్కలో తగిలిన వెలుతురు సమానం. యూవీ తేడా కలపకుండానే ఇది.

ఈ శోధన పాతదే. 1888లో ఇంగ్లండులో రస్సెల్, ఆబ్నీ నీటిరంగుల మీద వెలుతురు పని గురించి ప్రభుత్వానికి నివేదిక ఇచ్చారు. గాలి తీసేసిన గొట్టాల్లో పెడితే చాలా రంగులు మారకుండా నిలిచాయి. అంటే గాలి, తేమ లేకపోతే వెలుతురు ఒక్కటే అంత చేయలేదు. అదే ఏడాది డచ్ చిత్రకారుడు వాన్ గో గీసిన పడకగది బొమ్మలో గోడలు మొదట ఊదా రంగువి. అందులోని ఎర్ర భాగం పోయి ఇప్పుడు నీలంగా కనిపిస్తున్నాయి.

కారంపొడి
అంటే వాసుగారి హాలు అంతర్జాతీయ స్థాయికి చేరింది.

వేళచ్చేరి_వాసు
నవ్వులు సరే. పోయిన రంగు వెనక్కి వస్తుందా? చీకట్లో పెడితే ఏమైనా కోలుకుంటుందా?

బెంజీన్_బాబు
మీ పటానికి రాదు. ఇలాంటివాటిలో ఒక వింత మినహాయింపు ఉంది, ప్రష్యన్ బ్లూ. 1842లో హెర్షెల్ కనిపెట్టిన సయానోటైప్, అంటే పాతకాలం ఇంజనీరింగ్ బ్లూప్రింట్ల రంగు అదే. అది వెలుతురుకి పాలిపోయి, చీకట్లో గాలి తగిలేలా ఉంచితే చాలావరకు తిరిగి వస్తుంది. మీ పటంలో ఉన్నది ఆ నీలం కాదు, పోయింది నీలమూ కాదు.

చీకటిగది
కొత్త పటం కొనండి, 200 రూపాయలకి ఇంత బెంగ ఎందుకు? పాతదే కావాలంటే స్కాన్ చేసి కంప్యూటర్లో పసుపు, మజెంటా పెంచొచ్చు. పూర్తిగా పోయిన చోట మాత్రం ఊహించి వెయ్యాల్సిందే. మళ్ళీ ప్రింటు తీయించేటప్పుడు డై ఇంకు (కరిగిన రంగు) వద్దు, పిగ్మెంట్ ఇంకు (సన్నటి రంగు రేణువులున్నది) ప్రింటరు ఉన్నచోట తీయించండి. ఫ్రేముకి మామూలు అద్దం బదులు యూవీ ఆపే ఆక్రిలిక్ షీటు అడగండి, ఖర్చు ఎక్కువే. అన్నిటికన్నా ముందు గోడ మార్చండి.

అడయార్_అక్క
కిటికీకి యూవీ ఫిల్మ్ వేయిస్తే సరిపోదా? 99 శాతం ఆపుతుందని అమ్మేవాళ్ళు అంటున్నారు.

బెంజీన్_బాబు
మంచి ఫిల్మ్ యూవీని అంత ఆపడం నిజమే. కానీ నీలం, ఊదా వెలుతురు కూడా రంగుల్ని తీస్తుంది, దాన్ని పారదర్శకమైన ఫిల్మ్ ఆపదు. వెలవడం నెమ్మదిస్తుంది, ఆగదు. ఫిల్మ్‌తో పాటు సాయంత్రం కర్టెన్ కూడా వెయ్యండి.

వేళచ్చేరి_వాసు
స్వామిని తూర్పు గోడకి, వంటగది వైపు మార్చుతున్నాం. ఈ గోడకి టీవీ.

తరమణి_తారలు
టీవీకి రంగు పోదు గానీ సాయంత్రం గ్లేర్‌తో మ్యాచ్ కనబడదు.

నెల్లూరోడు
అసలు విషయం నాకిప్పుడు తట్టింది. ఫ్రిజ్ వారంటీ బిల్లు పోకుండా ఫ్రిజ్ మీదే అతికించాను, కిటికీకి ఎదురుగా. దానికేమైనా అవుతుందా?

చీకటిగది
జిరాక్స్ కాగితమైతే నలుపు పోదు, అది కార్బన్. షాపు మెషిన్ నుంచి నున్నటి కాగితం చుట్టలా వచ్చేదైతే థర్మల్ పేపరు. అందులో ఇంకే ఉండదు, వేడికి నల్లబడే పూత ఉంటుంది. వెలుతురు, వేడి, ప్లాస్టిక్ కవరు ఏది తగిలినా వెలిసిపోతుంది. వెళ్ళి చూడండి ముందు.

నెల్లూరోడు
చూశాను. షాపు పేరు ఉంది, అది ముందే అచ్చేసింది. కింద తెల్లకాగితం.

టీనగర్_పరదాలు
బిల్లింగులో ఫోన్ నంబరు ఇచ్చి ఉంటే షాపులో డూప్లికేట్ తీసిస్తారు. కార్డుతో కట్టి ఉంటే తేదీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో దొరుకుతుంది, అది పట్టుకెళ్ళండి. ఈసారి ఫొటో తీసి ఫోన్లో పెట్టుకోండి.